ఇస్తానన్న డబ్బుకి బేరమాడాను

తెనాలి బజారులో నాకంటే గట్టిగా బేరమాడే మనిషి లేదని నా నమ్మకం. రుజువు కూడా ఉంది. నాలుగు దేశాల ఆడవాళ్ళు కలిసి ఉమ్మడిగా ఒక నిధి పెట్టి, అందులోంచి మనిషికి నెలకు రెండు వేలు ఊరికే ఇద్దామని ముందుకొస్తే, పావుగంటలో నేను దాన్ని వెయ్యికి దింపాను. అరవలేదు, బతిమాలలేదు, కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు. సగానికి సగం! మా నాన్న బతికుంటే మురిసిపోయేవాడు. ఆ డబ్బు పుచ్చుకునే వైపు ఉన్నది మనమేనని గుర్తొచ్చాక చెప్పు తీసేవాడు.

మాది స్టీలు సామాన్ల కొట్టు. బిందెలు, డేగిశాలు, క్యారియర్లు, వాటితో పాటు తూకం వేసుకునే కాటాలు. నేను పెరిగింది గల్లాపెట్టె పక్కన. మిగతా పిల్లలకి ఇంట్లో పద్యాలు నేర్పితే నాకు మొహం మాడ్చుకోవడం నేర్పారు. అవతలివాడు ధర చెప్పగానే సరుకు వంక చూడకూడదు, గోడ వంక చూడాలి. చెవుడొచ్చినట్టు "ఎంతా?" అని ఇంకోసారి అడగాలి. మొదటి మాటకే ఒప్పుకోవడం మా బజారులో అమర్యాద. అలా ఒప్పుకుంటే అవతలివాడు "అయ్యో, ఇంకొంచెం ఎక్కువ చెప్పాల్సింది" అని వారం రోజులు కుమిలిపోతాడు. సాటి మనిషిని అలా బాధపెట్టడం మా ఇంటా వంటా లేదు.

నాన్న పోయాక కొట్టుతో పాటు ఈ జబ్బు కూడా నాకే వచ్చింది. ఒకసారి మా ఆయనకి జ్వరమొస్తే, నూట రెండు ఉందన్న నర్సమ్మతో "నూట ఒకటి వేసుకో అమ్మా, ఎప్పుడూ వచ్చేవాళ్ళం" అన్నానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధమని నేను ఒట్టేసి చెప్పలేను.

నన్ను ఈ నాలుగు దేశాల వ్యవహారంలోకి లాగింది బాపట్లలో ఉండే ఒక రిటైరైన టీచరుగారు. లూథరన్ సంఘం మనిషి. వాళ్ళ చర్చి బడిలో పిల్లలకి బహుమతులుగా ఇచ్చే గ్లాసులు, ప్లేట్లు ఏళ్ళ తరబడి మా కొట్లోనే కొనేవారు. ఆవిడతో బేరం చాలా కష్టం. ఎందుకంటే ఆవిడ బేరమాడరు. "నీ మనస్సాక్షికి ఎంత తోస్తే అంత వెయ్యమ్మా" అంటారు. దాంతో ప్రతిసారీ నాకు నష్టమే.

ఒకరోజు ఆవిడ కొట్టుకొచ్చి, ఏమీ కొనకుండా స్టూలు మీద కూర్చున్నారు.

"అమ్మాయ్, నీ నోరు నాకు కావాలి."

"నోరు అమ్మనండి. అద్దెకైతే ఇస్తాను."

అప్పుడు చెప్పారు. మన తీరంలో తుపానొస్తే శ్రీలంకలో, ఇండోనేషియాలో, టాంజానియాలో ఉన్న సంఘాల ఆడవాళ్ళు చందాలు పోగుచేసి పంపేవారట. వాళ్ళకి వరదలొస్తే మనవాళ్ళు పంపేవారు. ఎప్పుడూ అంతా పోయాకే పంపడం. ఫోటోలు తియ్యడం, ఎవరికెంత పోయిందో రాయడం, రాసిన దాంట్లో అబద్ధమెంతో మళ్ళీ ఇంకొకరు రాయడం. ఆ నలుగురికీ విసుగొచ్చింది.

"మునిగిపోయాక పంపే డబ్బేదో ముందే పంపితే ఏంటి అనుకున్నాం," అన్నారు టీచరుగారు. "నెల నెలా, మనిషి మనిషికీ. నాలుగు దేశాలూ వేస్తాయి, నాలుగు దేశాలూ తీసుకుంటాయి. ఎందుకు, ఏమిటి అని ఎవరూ ఎవర్నీ అడగరు."

"పనీపాటా లేనోళ్ళకి కూడానా?"

"కూడా."

"తాగుబోతులకి?"

"కూడా."

"నాకు?"

"నీకు కూడా."

"అయితే మంచి పథకమేనండి," అన్నాను. తర్వాత సిగ్గేసి, "నాకెందుకండీ, లేనోళ్ళకిస్తే సరిపోదా?" అన్నాను.

ఆవిడ నవ్వారు. "లేనివాళ్ళెవరో తేల్చాలంటే తేల్చేవాడొకడు కావాలి. వాడికి జీతం కావాలి. వాడికి బావమరిది ఉంటాడు. నువ్వు తీసుకో, నీకున్నదాన్ని బట్టి తీసుకున్నదానికంటే ఎక్కువ వెయ్యి. అడిగేవాడూ ఉండడు, తల దించుకునేవాడూ ఉండడు." వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండబోయే ముందు ఎసట్లోకి పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. ఆదివారం ఆ డబ్బా చర్చికి తీసుకెళ్తారు. కూలికెళ్ళే ఆవిడదీ పిడికెడే, మేడలో ఉండే ఆవిడదీ పిడికెడే. నిధికి పునాది అదేనట. దానికి మా బజారు కొట్లలో గల్లా పక్కనుండే చిల్లర డబ్బాలు, టీచరుగారి పాత విద్యార్థులు, ఆ మూడు దేశాల్లో అలాంటివాళ్ళే ఇంకొందరు. ఎవరి దేశం డబ్బు ఆ దేశంలోనే ఉంటుంది, పోగైనదానికీ ఇవ్వాల్సినదానికీ ఉన్న తేడా మాత్రమే సరిహద్దు దాటుతుంది. ఆ కాగితాలన్నీ బాపట్లలోనే ఉన్న ఒక ఆడిటరు గారు, ఆవిడ పాత విద్యార్థే, ఫీజు తీసుకోకుండా తిట్లు తిడుతూ చూసుకున్నారు. ఆ కథలోకి నేను వెళ్ళను, నాకు అర్థం కాలేదు కనక.

నా పని ఒక్కటే. మనిషికెంత అన్నది తేలే రోజున మన తరఫున కూర్చోవాలి.

ఆ రోజు బాపట్లలో టీచరుగారి ముందుగదిలో, టీవీ అంత తెర మీద ముగ్గురు ఆడవాళ్ళు కనపడ్డారు. శ్రీలంక నుంచి ఒక నర్సు, ఇండోనేషియా నుంచి ఒక పాస్టరమ్మ, టాంజానియా నుంచి రంగురంగుల బట్ట తలకి చుట్టుకున్న ఒకావిడ. వాళ్ళ మాటలు ఇంగ్లీషులోకొస్తే టీచరుగారు నాకు తెలుగులో చెప్పేవారు. టాంజానియా ఆవిడకి సంతలో బట్టల కొట్టుంది. ఆవిడ కూర్చున్న తీరు చూడగానే నాకు తెలిసిపోయింది. గోడ వంక చూస్తోంది.

"మన లెక్కల్లో చూస్తే తలకి రెండు వేలు దాకా పెట్టొచ్చు అంటున్నారు. ఒక్కో దేశంలో యాభై మందికి," అన్నారు టీచరుగారు.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "ఎంతా?"

"రెండు వేలు."

"చాలా ఎక్కువండి."

టీచరుగారు నా వంక చూశారు. నేను గోడ వంక చూస్తున్నాను కాబట్టి ఆ చూపు నాకు తగల్లేదు. బట్టల కొట్టావిడ ముందుకి వంగింది. ఎదురుగా బేరం తెలిసిన మనిషి కూర్చుందని ఆవిడకీ వాసన తగిలింది. పద్దెనిమిది వందలంది. నేను పెదవి విరిచాను. పదిహేనంది. నేను చేతిసంచీ సర్దుకున్నాను. పన్నెండు దగ్గర కాసేపు ఆగాం. ఇవ్వడానికి వచ్చిన ఆవిడ ఎక్కువంటోంది, తీసుకోవడానికి వచ్చిన నేను తక్కువంటున్నాను. ఆ ఊపులో ఇద్దరికీ తేడా తెలియలేదు. వెయ్యి దగ్గర చేతులు కలిపాం, అంటే తెరకి ఒకవైపు ఆవిడ, ఒకవైపు నేను అరచేతులు చూపించుకున్నాం. నా వీపు నేనే తట్టుకోవాలనిపించింది. బాపట్ల స్టేషన్‌లో రైలెక్కి, తెనాలి వచ్చేదాకా పక్క సీటావిడకి ఆ బేరం పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విని, "మరి డబ్బులు మీకొచ్చేవా, మీరిచ్చేవా?" అని అడిగింది.

అప్పుడు కూడా నాకు పూర్తిగా వెలగలేదు. వెలిగించింది మా వదిన.

ఆవిడ నాకు వదిన కాదు. రేపల్లె దాటి నిజాంపట్నం వెళ్ళే దారిలో సముద్రం వైపున్న ఒక పల్లెలో ఎండుచేపలు చేసే మనిషి. హార్బర్‌లో వేలంపాటలో పచ్చి చేపలు కొని, ఉప్పు పట్టించి, ఇసకలో వలల మీద ఎండబెట్టి అమ్ముతుంది. చాలా ఏళ్ళ కింద మా కొట్లో వాయిదాల మీద బిందె కొన్న నాటి నుంచి నేను ఆమెకి వదిన, ఆమె నాకు వదిన. ఆ వరసతో ఒకళ్ళనొకళ్ళు ఏమన్నా చెల్లుతుంది. మా దేశం తరఫున నిధిలో మొదట చేరింది ఆమె ఉండే వీధే. కబురు స్వయంగా చెబుదామని రేపల్లె రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను.

వదిన చేపలు తిరగేస్తోంది. నేను బేరం మొత్తం చెప్పాను. ఆమె నడుం మీద చెయ్యేసుకుని విన్నది.

"ఏంటి వదినా, వాళ్ళు రెండు వేలు ఇత్తామంటే నువ్వు వద్దన్నావా?"

"వద్దనలేదు. తగ్గించాను."

"తగ్గించావా?" పక్కింటివాళ్ళకి వినపడేలా, "ఇదిగో, ఇటు రండే! ఇచ్చేవాడి దగ్గర బేరమాడే మనిషిని ఎప్పుడన్నా చూశారా? తెనాలి నుంచి వచ్చింది చూడండి!" అని పిలిచింది. నలుగురైదుగురు వచ్చి నన్ను నిజంగానే చూశారు.

నవ్వు అయిపోయాక ఆమె చేపల పక్కన కూలబడింది. "రెండు వేలు అని టీచరమ్మ మొన్న అన్నప్పుడు నేను ఇంకోటి అనుకున్నాను వదినా. ఈ ఏడు షావుకారు దగ్గర అడ్వాన్సు పుచ్చుకోకూడదనుకున్నాను."

అది నాకు తెలిసిన సంగతే. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట నిషేధం. బోట్లు కదలవు. బోటు మీద పేరున్నవాళ్ళకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆమెకి ఏమీ ఉండదు. ఇంట్లో ఆమె, అత్త, ఇద్దరు ఆడపిల్లలు. ఆ రెండు నెలలకీ ఎండుచేపల షావుకారు అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ అడగడు. మళ్ళీ ఏప్రిల్ వచ్చేదాకా ఆమె ఎండబెట్టిన ప్రతి చేపా తను చెప్పిన ధరకి, తన కాటా మీద తూకం వేసి ఇవ్వాలంటాడు. ఆ కాటా ఎటు తూగుతుందో హార్బర్ మొత్తానికి తెలుసు.

"నలుగురం. రెండు వేలైతే ఎనిమిది. నెల గడిచిద్ది. 'నీ అడ్వాన్సు నువ్వే ఉంచుకో' అందును," అంది వదిన. "వెయ్యైతే నాలుగు. మిగతా నాలుగుకి మళ్ళీ ఆయన దగ్గరికే పోవాలి. పోయాక ఎంత తీసుకుంటే ఏంటి, కాటా ఆయనదేగా."

"నేను మాట్లాడతాను," అన్నాను.

"వద్దులే తల్లీ, నువ్వు మాట్లాడితే అయిదొందలకొచ్చిద్ది."

బాపట్లలో రెండోసారి కూర్చున్నప్పుడు నేను గోడ వంక చూడలేదు. నేల వంక చూశాను. జరిగింది చెప్పి, పాత ధరకే పోదామన్నాను. టీచరుగారు తర్జుమా చేస్తుంటే బట్టల కొట్టావిడ తల అడ్డంగా ఆడిస్తూనే ఉంది.

"తలకి వెయ్యి అని మనం తేల్చాం కదా," అందావిడ. "దాంతో యాభై మందికి పెట్టింది వంద మందికి వస్తోందని ఇంకో వీధిని చేర్చాం. అందరికీ చెప్పేశాం. ఇప్పుడు ఆ వంద మందిలో ఏ యాభై మందిని తియ్యమంటావో నువ్వొచ్చి చెప్పు. నేను చెప్పను."

మన దగ్గరా అంతే జరిగింది. నా బేరం పుణ్యమా అని బాపట్లలో టీచరుగారి వీధీ, తెనాలిలో మా కొట్ల సందూ చేరాయి. మా సందుని తీసెయ్యండి అన్నాను. టీచరుగారు ఊరుకోలేదు. "నీకు అక్కర్లేదు సరే, మీ సందులో మూటలు మోసే ఆయనకో? ఆయన నిన్ననే ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు." ఆయనకి నడుం పట్టేసి ఆర్నెల్లయింది. బేరంలో నా చేతిలో ఏమీ లేకుండా పోవడం అదే మొదటిసారి.

మూడోసారి కూర్చున్నప్పుడు ఇండోనేషియా పాస్టరమ్మకి నెట్ దొరకలేదు. ఆమె వచ్చేదాకా మిగిలినవాళ్ళు లోకాభిరామాయణం మొదలెట్టారు. శ్రీలంక నర్సు తమకి దీపావళి దాటాక వచ్చే వానల గురించి చెప్పింది. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే. పాస్టరమ్మ వచ్చి, తమకైతే కొత్త సంవత్సరం మొదట్లో సముద్రం మీద గాలులని చెప్పింది. బట్టల కొట్టావిడ తమ దగ్గర పంటకి ముందు, మార్చి ప్రాంతంలో గాదెలు ఖాళీ అవుతాయంది. ఆ నెలల్లో ఆమె కొట్లో ఒక్క బట్ట కూడా తెగదట.

నాకు మా గొడుగుల కొట్టాయన గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు మా పక్క కొట్టు ఆయనది. గొడుగులు, వానకోట్లు. మాకు పెళ్ళిళ్ళ రోజుల్లో, అంటే ఎండాకాలంలో గిరాకీ. ఆషాఢం వచ్చిందంటే బిందె అడిగేవాడుండడు. సరిగ్గా అప్పుడు ఆయనకి గిరాకీ. నాన్న, ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎండాకాలంలో మా గల్లాలోంచి కొంత ఆయనకి, వానాకాలంలో ఆయన గల్లాలోంచి కొంత మాకు. ఏడాది తిరిగేసరికి ఎవరి లెక్కా మారదు. కానీ ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ ఫైనాన్స్ వాడి గుమ్మం ఎక్కలేదు. పక్కన ఇంకో స్టీలు కొట్టుంటే ఆ పద్ధతి సాగేది కాదు. ఇద్దరికీ ఒకేసారి ఎండిపోయేది. గొడుగులాయన కాబట్టి సాగింది.

నాలుగు దేశాలు కలవడంలో అసలు లాభం అక్కడుందని నాకు అప్పుడు తట్టింది. అప్పటిదాకా అది మంచితనం కోసమనుకున్నాను.

"టీచరుగారూ, చెప్పండి వాళ్ళకి," అన్నాను. "తలకి ఏడాదికి పన్నెండు వేలే. ఒక్క రూపాయి పెంచొద్దు. ఒక్క మనిషిని తియ్యొద్దు. కానీ నెలనెలా వెయ్యి కాదు. మామూలు నెలల్లో ఎనిమిది వందలు. ఎవరికి వాళ్ళ ఎండిపోయే రెండు నెలల్లో రెండు వేలు. వాళ్ళకి ఎండినప్పుడు మనం తక్కువ తీసుకుంటాం, మనకి ఎండినప్పుడు వాళ్ళు."

టీచరుగారు తర్జుమా మొదలెట్టి, మధ్యలో ఆగి, వేళ్ళ మీద లెక్కేసుకున్నారు. పది ఎనిమిదులు ఎనభై, రెండు ఇరవైలు నలభై. "పన్నెండే వస్తోందమ్మా," అన్నారు, నేను మాయ చేసినట్టు.

నర్సు, పాస్టరమ్మ వెంటనే ఒప్పుకున్నారు. బట్టల కొట్టావిడ ఒప్పుకోలేదు. ఒప్పుకోదని నాకు తెలుసు, మొదటి మాటకి ఎవరు ఒప్పుకుంటారు?

"జనవరిలో మొదలంటున్నారు," అంది. "జనవరి నుంచి జూన్ దాకా మనలో ఎవరో ఒకరికి ఎండు నెలే. మిగులు పడేది జూలై నుంచి. అప్పటిదాకా నెలనెలా పడే లోటు ఎవరు పూడుస్తారు?"

మన డబ్బుల్లో ఆ లోటు నెలకు నలభై వేలు: ఎండిన దేశంలో వంద మందికి లక్ష ఎక్కువ ఇవ్వాలి, మిగతా మూడు వందల మంది దగ్గర మిగిలేది అరవై వేలే. ఆవిడ లెక్క కూడా వేసుకునే వచ్చింది.

"నాలుగు దేశాలూ సమానంగా," అన్నాను.

"మార్చినది నువ్వు. నువ్వే పెట్టు."

"అయితే వద్దులెండి," అని నేను సంచీ తీసుకుని లేచాను. మా బజారులో ఇది మామూలే. లేచి నాలుగడుగులు వేస్తే కొట్టువాడు "రామ్మా, రా, కూర్చో" అని పిలుస్తాడు. గుమ్మం దాకా వెళ్ళాను. పిలుపు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే తెర మీద ఆవిడ కుర్చీ కూడా ఖాళీ. ఆవిడా లేచి వెళ్ళిపోయింది, నేను పిలుస్తానని!

గదిలో టీచరుగారు ఒక్కరే ఉన్నారు. "ఇదేం చోద్యమమ్మా! ఇద్దరూ పోతే పిలిచేదెవరు?" అని మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో అరిచారు. నర్సు నవ్వలేక కళ్ళు తుడుచుకుంటోంది. కాసేపటికి తెర అంచున తలకి చుట్టిన రంగుల బట్ట కనపడింది. నేను కూడా తలుపు పక్కనుంచి తొంగి చూస్తున్నాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని పట్టుబడ్డాం. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో.

"పెడతాను," అన్నాను. "జూన్ దాకా లోటు నాది."

ఆవిడ అరచెయ్యి చూపించింది.

నాకు కొట్టు ముందు భాగం అద్దాలతో కట్టించాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. దానికని మూడు లక్షల చిట్టీ కడుతున్నాను. ఆఖరి దాకా ఆగి ఎత్తుకోవాల్సినదాన్ని, ఆ నెల పాటలోనే నలభై అయిదు వేలు వదులుకుని పాడుకున్నాను. చిట్టీల ఆయన నా మొహంలోకి చూసి, "ఇంట్లో ఎవరికన్నా బాలేదామ్మా?" అని అడిగాడు. నేను అంత ఎక్కువకి పాడటం ఆయన ఎప్పుడూ చూడలేదు. బేరమాడకుండా నేను చేసిన ఒకే ఒక్క పని అది.

జనవరిలో మొదలైంది. పాస్టరమ్మ వాళ్ళకి రెండు వేలు వెళ్ళిన నెలల్లో మాకు ఎనిమిది వందలొచ్చాయి. మా సందులో సణిగారు. "దేశం కాని దేశానికి మనమెందుకు తగ్గించుకోవాలి?" అన్నాడు దర్జీ. "ఏప్రిల్ దాకా నోరు మూసుకోండి బాబాయ్," అన్నాను. తర్వాత టాంజానియా వంతు. ఆ నెలల్లో బట్టల కొట్టావిడ ఒక ఫోటో పంపింది. ఖాళీగా ఉండాల్సిన ఆమె కొట్లో ముగ్గురు ఆడవాళ్ళు బట్ట కొలిపించి చింపించుకుంటున్నారు. కింద ఒకే మాట ఉంది. టీచరుగారు చదివి చెప్పారు: "తెగుతోంది."

బోట్లు ఒడ్డుకొచ్చిన వారం నేను వదిన ఇంటి అరుగు మీద ఉన్నాను. ఏదో వంక పెట్టుకుని వెళ్ళాను, నిజానికి భయంతో వెళ్ళాను. ఆమె ఫోన్, అత్త ఫోన్, పక్కింటి ఫోన్ వెంటవెంటనే మోగాయి. వీధి చివరిదాకా ఆ మోత పాకుతూ పోయింది. పిల్లల వంతు కూడా తల్లి ఫోనుకే. ఎనిమిది వేలు. అత్తగారు తన వంతు తన పేరునే ఉండాలని, కోడలికి ఇచ్చేది లేదని అప్పుడే గొడవ మొదలెట్టింది.

షావుకారు స్కూటరు మీద వచ్చాడు. మర్యాదస్తుడే. ఎప్పట్లాగే డబ్బు కవరు తీశాడు.

"ఈ ఏటికి వద్దండి," అంది వదిన.

"అదేంటమ్మా? సరిపోలేదా? ఇంకో వెయ్యి వేస్తాలే."

"సరిపోకపోవడం కాదండి. అక్కర్లేదు."

"రెండు నెలలమ్మా! ఎట్టా గడుపుతావు?"

"అయ్యన్నీ మీకెందుకండి. జూన్‌లో బోట్లు తిరిగినాక రండి. నా సరుకు చూసి ధర చెప్పండి. నచ్చితే ఇస్తాను, లేకపోతే ఇంకోళ్ళకిస్తాను."

ఆయన కవరు చేత్తో పట్టుకుని ఒక నిమిషం నిలబడ్డాడు. ఆ వీధిలో ఇంకో అయిదారు గుమ్మాల ముందు కూడా అలాగే నిలబడి, స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. వదిన లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగింది. "నా నోటితో నేను ఆయనకి ధర చెప్పమన్నాను, విన్నావా?" అంది. విన్నాను. నా జన్మలో అంత ఖరీదైన మాట వినలేదు.

జూన్‌లో బోట్లు తిరిగొచ్చాయి. ఆమె తొలి సరుకు ఎండాక ఒక శనివారం మా కొట్టుకొచ్చింది. వాయిదాలకి కాదు, డబ్బు చేత్తో పట్టుకుని వచ్చింది.

"వదినా, కాటా చూపించు. కరెంటు కాటా. యాభై కిలోలు తూగేది."

రెండు వేల ఎనిమిది వందలు చెప్పాను. ఆమె గోడ వంక చూసింది.

"ఎంతా?" అంది.

నాకు నా గొంతే వినపడినట్టయింది. పద్దెనిమిది వందలతో మొదలెట్టింది. లేచి గుమ్మం దాకా పోయింది. నేనే పిలిచాను. రెండు వేల రెండు వందల అరవై దగ్గర తెగింది. ఆ కాటా ఇప్పుడు హార్బర్ దారిలో ఆమె చేపల పక్కన ఉంది. షావుకారు వస్తాడు, దాని మీదే తూకం వేయించుకుంటాడు, మిగతా వ్యాపారులతో పోటీపడి ధర చెబుతాడు.

ఇక ఆఖరి బిల్లు.

జూలై నుంచి నిధిలో మిగులు పడటం మొదలయ్యాక, నేను పెట్టిన రెండు లక్షల నలభై వేలు ఎప్పుడొస్తాయని ఆడిటరు గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీరు తీసుకోవచ్చమ్మా. కానీ ప్రతి జనవరికీ అదే లోటు వస్తుంది కదా. ఇప్పుడు తీసుకుంటే అప్పుడు మళ్ళీ మీరే పెట్టాలి," అన్నారు. అంటే అది అప్పు కాదు. ఎప్పటికీ అందులోనే ఉంటుంది. తెలిసే పెట్టానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది, కానీ తెలియక పెట్టాను. బట్టల కొట్టావిడకి మొదటి రోజే తెలుసు. "చెప్పలేదేం?" అంటే, "మీ బజారులో చెబుతారా?" అంది.

కాబట్టి: నిధిలో ఉండిపోయినవి రెండు లక్షల నలభై వేలు. చిట్టీ పాటలో పోయినవి నలభై అయిదు వేలు, అందులో డివిడెండుగా నాకు కాస్త తిరిగొచ్చింది. ఏడాదికి అందరిలాగే నాకూ పన్నెండు వేలు వచ్చాయి, నెలకు మూడు వేల చొప్పున నేను వేసినవి ముప్పై ఆరు వేలు. రైళ్ళకీ ఆటోలకీ ఎంతయిందో రాసుకోలేదు. కొట్టు ముందు అద్దాలు లేవు, పాత రేకు తలుపులే. వదిన వీధిలో రెండు కుటుంబాలు మళ్ళీ అడ్వాన్సు తీసుకున్నాయి, ఒకతను వచ్చింది వచ్చినట్టు తాగేశాడు. నేను నోరు తెరవకుండా ఉంటే ఆ వీధికి పన్నెండు నెలలూ రెండు వేలు వచ్చేవి, అదీ రాయాలి. మూటలు మోసే ఆయనకి మాత్రం ఏమీ వచ్చేది కాదు, దాన్ని ఏ వైపు వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

జమ వైపు: కాటా నాకు పడిన అసలు ధర రెండు వేల రెండు వందలు. వదిన మీద మిగిలింది అరవై రూపాయలు.